గోదాముకి వేసిన రంగు

ఆ కొండమీద నూట పన్నెండు కుటుంబాల కాఫీ రైతులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘంలో కాఫీ రుచి చూసి మంచిచెడ్డలు తేల్చే మనిషిని చిన్నా పెద్దా అందరూ ముక్కుపిన్ని అనేవారు. ముక్కు పెద్దదని కాదు. చూడబోతే చిన్న చట్టిముక్కు. కానీ దానికి దొరకని కంపు లేదు. ఎవరింట్లో పాలు విరగబోతున్నాయో గుమ్మంలోంచే చెప్పేది. బస్సులో పక్కన కూర్చున్నవాడు స్నానం చేసి ఎన్నాళ్ళయిందో కూడా చెప్పేది, అదీ వాడికి వినబడేలా. ఎవరు ఎదురైనా ఆమె నోట ముందు "ఛీ" వచ్చేది, తర్వాతే పలకరింపు.

"అత్తయ్య మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు కూడా ఛీ అన్నారా మావయ్యా?" అని కోడలు అడిగేది.

"రెండుసార్లు అంది. ఒకటి నాకు, ఒకటి నా చొక్కాకి" అనేవాడు ఆమె భర్త. ఆయన సంఘంలో మెకానిక్కు. ఆ చొక్కాకి గ్రీజు మరక లేని రోజు ఎవరూ చూడలేదు.

అసహ్యపడటం కూడా ఒక ఉద్యోగమేనని ఆమెకి ముప్పై దాటేదాకా తెలియదు. ఆమె చిన్నతనంలో కొండకి ఒకే ఒక దళారి వచ్చేవాడు. బస్తాలోంచి నాలుగు గింజలు తీసి, ఒకటి కొరికి, తుపుక్కున ఉమ్మి, "ఛీ, బూజు" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఏడాది కష్టం సగానికి సగం పడిపోయేది. తండ్రి తల వంచుకుని బస్తాలు లారీ ఎక్కించేవాడు. ఒక ఏడాది ఆ పిల్ల బస్తాలో మొహం పెట్టి చూసింది. బూజూ లేదు, గీజూ లేదు. "నాన్నా, ఆయన అబద్ధం చెబుతున్నాడు" అని అందరిముందూ అనేసింది. తండ్రి ఆమె నోరు మూసి ఇంట్లోకి లాక్కెళ్ళాడు. అక్కడే నిలబడ్డ అన్నయ్య అంతా చూశాడు.

సంఘం పెట్టింది ఆ అన్నయ్యే. పెద్దయ్యాక ఇంటింటికీ తిరిగి, తిట్లు తిని, కాళ్ళావేళ్ళా పడి పదకొండు మందిని పోగుచేశాడు. అందరూ కలిసి కాఫీ పళ్ళ తొక్క ఒలిచే పాత మర ఒకటి కొన్నారు. దళారి గడప తొక్కకుండా సరుకు నేరుగా అమ్ముకున్నారు. పదకొండు ముప్పై అయింది, ముప్పై నూట పన్నెండు అయింది. గింజలు ఆరబెట్టుకునే మంచెలు వచ్చాయి, గోదాము వచ్చింది, పిల్లల్ని బడికి తీసుకెళ్ళే వ్యాను వచ్చింది, ఇంటింటికీ కుళాయి వచ్చింది. ఇవన్నీ నిజం. ఆయన మంచిపని చేశాడనడంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. గొడవంతా, తాను మంచిపని చేశానని ఆయనకి కూడా తెలిసిపోవడంతో మొదలైంది.

కాఫీ కొని ఓడలో పరాయిదేశానికి తీసుకెళ్ళే కంపెనీ తరఫున రుచి చూసే పెద్దాయన ఒకాయన తొలినాళ్ళలో వచ్చి నెల్లాళ్ళున్నాడు. కొండమీద ముక్కులన్నీ పరీక్షించి ఈమెని పట్టుకున్నాడు. ఆమె ఆయన్ని మాస్టారు అని పిలిచేది. గింజలు వేయించడం, పొడి కొట్టడం, కప్పులో మరిగే నీళ్ళు పోసి నాలుగు నిమిషాలు ఆగడం, పైన తేలిన తెట్టుని చెంచాతో విరిచి ముక్కు దగ్గర పెట్టి వాసన చూడటం, ఆ తర్వాత జుర్రున పీల్చి నాలుకంతా తిప్పి ఉమ్మెయ్యడం, అన్నీ నేర్పాడు. "మింగకమ్మా. మింగినవాళ్ళకి మొహమాటం వచ్చేస్తుంది" అని వెళ్ళేటప్పుడు మరీ మరీ చెప్పాడు. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళు ఆమె రోజుకి ముప్పై కప్పులు ఉమ్మింది. ఆ ఉమ్మి డబ్బా కడిగే పని ఎవరూ ఒప్పుకోకపోతే తనే ముక్కు చిట్లించుకుంటూ కడుక్కుంది.

సంఘానికి రెండు నియమాలుండేవి. రుచి చూసే గదిలోకి వచ్చే కప్పుమీద అంకె తప్ప పేరు ఉండకూడదు. ఆమె పనికిరాదన్న సరుకు ఎవరిదైతే వాళ్ళు వచ్చి, నిలబడి, ఆ కప్పు చివరిదాకా తాగాలి. జరిమానా లేదు, తిట్టు లేదు, తాగడమే. కుళ్ళిన పళ్ళు కలిపినవాడు, నిన్నటి పళ్ళమీద ఇవాళ్టివి పోసి తెచ్చినవాడు, ఎండుమిరపకాయల పక్కన బస్తా పెట్టినవాడు, అందరూ తాగారు. ఒక ఏడాది పచ్చికాయలు కలిపి తెచ్చి సాక్షాత్తూ అన్నయ్యే తాగాడు. మొహం చింతకాయలా ముడుచుకుని, "నా కాఫీ అని తెలిస్తే వదిలేసేదానివా?" అని అడిగాడు.

"తెలిస్తే రెండు కప్పులు తాగించేదాన్ని" అంది చెల్లెలు.

ఇక్కడ సంఘం నర్సు సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట ముక్కుపిన్ని కోడలికి ఏడో నెలలో నొప్పులొచ్చాయి. పట్నం ఆసుపత్రికి నాలుగు గంటల ఘాట్ రోడ్డు. సంఘం వ్యానులోనే వెళ్ళారు. రెండో గంటలోనే బిడ్డ పోయింది. ముక్కుపిన్ని ఒళ్ళోనే పోయింది. ఆ వారమే జరిగిన సభలో ఆమె లేచి, "అతిథులొస్తే కూర్చోడానికి మెత్తటి కుర్చీలు కొంటామంటున్నారు. ఆ కుర్చీల్లో మీ కోడళ్ళు కాన్పులవుతారా?" అని అడిగింది. సంఘం ఆఫీసు పక్క గది ఖాళీ చేసి, మంచం వేసి, ఒక నర్సుని పెట్టుకున్నారు. మంచి మనిషి, చెయ్యి తేలిక. ఏటా కాఫీ మంచి ధరకి పోతేనే ఆమె జీతానికి ఏర్పాటు అవుతుంది. అది కొండమీద అందరికీ తెలుసు. ఇప్పుడు కోడలికి మళ్ళీ ఎనిమిదో నెల.

ఈలోగా సంఘానికి పేరొచ్చింది. పైనుంచి పెద్దలు చూడటానికి వస్తున్నారని, గోడకి ఆదర్శ సంఘం అని పలక బిగిస్తారని కబురందింది. అన్నయ్యకి నేలమీద కాళ్ళు ఆగలేదు. మెట్లు కడిగించాడు, మొక్కలు పెట్టించాడు, కుక్కల్ని తరిమించాడు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని ముక్కుపిన్ని గొణుక్కుంది. కోడలికి స్కానింగు తీయించడానికి పట్నం వెళ్ళి, అక్కడ మూడు రోజులు ఉండిపోయింది.

తిరిగొచ్చి బస్సు దిగిందో లేదో ముక్కు ఎగబీల్చి ఆగిపోయింది. గాలిలో రంగు వాసన. కొత్త రంగు, అందులో కలిపే టర్పెంటాయిలు, ఆ ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతోంది. కోడలి చేతిసంచి అక్కడే కింద పడేసి గోదాము దాకా పరిగెత్తింది. తలుపులు మూసి ఉన్నాయి. తీసి చూస్తే నాలుగు గోడలూ లేత ఆకుపచ్చ రంగులో మెరుస్తున్నాయి. మధ్యలో, ఏడాది పంటంతా, మూడు వందల చిల్లర బస్తాలు, పైన టార్పాలిన్ పట్టా కప్పుకుని కూర్చుంది.

లోకంలో ఎక్కడైనా గోడకి రంగేస్తారు. సరుకు బయట పెట్టి వేస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఎండుమిరపకాయల పక్కన బస్తా పెట్టాడని సాటివాడిచేత కాఫీ తాగించిన మనుషులు వీళ్ళు. కాఫీ గింజ పక్కనున్న ప్రతి వాసననీ పీల్చుకుంటుందని ఆ కొండమీద నడక రాని పిల్లలకి కూడా తెలుసు. అయినా గింజల్ని లోపలే ఉంచి రంగేశారు. పైగా తడి రంగుమీద దుమ్ము పడుతుందని కిటికీలు, తలుపులు బిగించి మూడు రోజులు మగ్గబెట్టారు.

"పట్టా కప్పాం కదమ్మా" అన్నాడు అన్నయ్య. చేతికింకా ఆకుపచ్చ మరకలున్నాయి.

"పట్టా కప్పావా! నీ ముక్కుమీద కూడా కప్పుకోవాల్సింది. ఛీ, ఛీ. నీకు బుద్ధి ఎక్కడుంది అన్నయ్యా? ఆ పలక బిగించే మేకుమీదుందా?"

మాట పడటం అలవాటులేని మనిషి ఆయన. కానీ ఆరోజు నేల చూపులు చూశాడు.

నాలుగు మూలల నుంచి, మధ్య నుంచి గింజలు తీయించి, వేయించి, అయిదు కప్పులు పెట్టింది ఆమె. మొదటి కప్పు దగ్గరే వాంతి వచ్చినంత పనైంది. నాలుగింట్లో కంపు. అయిదోది కొంచెం నయం, అంటే ఉమ్మేదాకా ఆగగలిగింది. గోదాములో చేరని సరుకు పన్నెండు బస్తాలు మాత్రమే. అవి ఆలస్యంగా ఆరాయని ఆమె భర్త మర షెడ్డులోనే ఉండిపోయాయి. అవి బంగారంలాంటి గింజలు.

ఆ పన్నెండు బస్తాల మాట వినగానే అన్నయ్య కళ్ళు వెలిగాయి. అన్న కళ్ళల్లో ఆ వెలుగు చూసి చెల్లెలికి కంపు కప్పుకంటే ఎక్కువ రోత పుట్టింది. "కంపెనీకి నమూనా ఆ బస్తాల్లోంచి పంపుదాం. నువ్వు సంతకం పెట్టు. నీ సంతకం చూస్తే వాళ్ళు మళ్ళీ అడగరు" అన్నాడాయన.

"మిగతా మూడొందల బస్తాలూ?"

"ఓడలో గాలికి పోతుందిలే."

"పోతుంది. మన పరువు."

సభ పెట్టమంది ఆమె. పెట్టారు. ఆ గదిలోనూ కొత్త రంగే. ముక్కుపిన్ని పెద్ద గిన్నెతో ఆ కాఫీ కాచి, నియమం ప్రకారం, ఇంటికొకటి చొప్పున కప్పులు అందించింది. సరుకు అందరిదీ కాబట్టి అందరూ తాగాలి. తాగారు. ఒకడు దగ్గాడు, ఒకామె చెంగు నోట్లో కుక్కుకుంది, ముసలాయన ఒకాయన "ఇది తాగితే లోపల గోడలు కూడా మెరుస్తాయిరా" అన్నాడు. నవ్వారు. ఇంత కంపు మింగి కూడా నవ్వగలిగారంటే వీళ్ళు నిజం పక్షానే ఉంటారని ఆమె అనుకుంది. ఎంత ముక్కున్న మనిషి అయినా మనుషుల విషయంలో మోసపోతుంది.

ఆ సంఘంలో ఓట్లు గింజలతో వేస్తారు. చదువురాని రోజుల్లో పెట్టుకున్న పద్ధతి. అవునంటే మంచి గింజ, కాదంటే విరిగిన పలుకు, గుడ్డ కప్పిన బిందెలో వెయ్యాలి. ఆ నమూనా పంపాలా వద్దా అన్న ఓటుకి ముందు అన్నయ్య లేచాడు. పలక గురించి ఒక్క మాట అనలేదు, ఘటికుడు. "ఈ సరుకు తిరిగొస్తే వ్యాను ఆగుతుంది. నర్సుని పంపించెయ్యాలి. మీ ఇష్టం" అని కూర్చున్నాడు.

"ఓటేస్తే కంపు పోతుందా అన్నయ్యా?" అంది ఆమె. అందరూ బిందె వైపు కదిలారు.

బిందె బోర్లించి లెక్కపెడితే మంచి గింజలు డెబ్భై మూడు, పలుకులు ముప్పై తొమ్మిది. అబద్ధానికి అన్ని మంచి గింజలు పడటం చూసి ఆమెకి ఒళ్ళు జలదరించింది. ఇంటికొస్తూ దారిలో భర్తని అడిగింది.

"మన ఇంటి పలుకు నా చేత్తో ఇచ్చాను కదా. వేశావా?"

ఆయన చొక్కా జేబు తట్టాడు. "జేబులో ఉంది. మంచి గింజ వేశాను. కోడలికి ఇంక నెల్లాళ్ళే కదే. ఇంకేం చెయ్యమంటావు?"

"ఛీ" అంది. కానీ ఆ ఛీలో ఎప్పుడూ ఉండే పదును లేదు. అది ఆమెకే వినబడింది.

సంతకం పెట్టనని తేల్చి చెప్పి, రుచి గది తాళం అన్నయ్య బల్లమీద పెట్టేసింది. ఆయన ఆ తాళం గుమాస్తాకి ఇచ్చాడు. గుమాస్తా గంటగంటకీ నశ్యం పీల్చే మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆయన ముక్కుకి తుమ్ము తప్ప ఇంకేదీ తెలియదు. ఆ మహానుభావుడు కొత్త చొక్కా వేసుకుని, కాఫీ రుచి నిపుణుడు అని రాసిన చోట గొలుసుకట్టుగా సంతకం గీశాడు. నమూనా వెళ్ళింది. బాగుందని జవాబొచ్చింది. లారీలొచ్చి మూడు వందల బస్తాలూ ఎత్తుకుపోయాయి. పెద్దలొచ్చారు, చప్పట్లు కొట్టారు, పలక బిగించారు. నర్సుకి ఇంకో ఏడాదికి కాగితం రాసిచ్చారు.

ముక్కుపిన్ని ఏరుడు షెడ్డులో చేరింది. అక్కడ నలభై మంది ఆడవాళ్ళు వరసగా పీటలమీద కూర్చుని బస్తాలకెక్కని నాసిరకం గింజలు పళ్ళేల్లో పోసుకుని నల్లవీ పుచ్చువీ ఏరుతారు. ఆమె పక్క పీట మీద మూడో నెల కడుపుతో ఒక పిల్ల ఉండేది. మొగుడు మంచెల దగ్గర కూలీ. ఆ పిల్లకి వేవిళ్ళు. గింజల వాసనకే డోకొచ్చి పరిగెత్తేది. తిరిగొచ్చి, "నీకు ఏడాది పొడుగూతా ఇలాగే ఉంటుందా పిన్నీ?" అని నవ్వేది. ఆమె ఒక్కతే ఆ షెడ్డులో ముక్కుపిన్నితో మామూలుగా మాట్లాడింది. మిగతావాళ్ళు తమమీద ఉమ్ముతుందేమో అన్నట్టు ఎడంగా జరిగి కూర్చునేవారు.

సంతకం చెయ్యలేదని ఆమె లోపల కాస్త గర్వపడింది. గర్వపడుతూనే ఒకటి దాచుకుంది. మాస్టారి నంబరు ఆమె ఫోనులో ఉంది. లారీలు కదలకముందు ఒక్క మాట చెబితే సరిపోయేది. రోజూ ఫోను చేతిలోకి తీసుకునేది. గుమ్మంలో కోడలు నడుంమీద చెయ్యి వేసుకుని నడుస్తూ కనబడేది. ఫోను కొంగున పెట్టుకుని లోపలికి పోయేది. కంపు తన ఒంట్లోంచే వస్తున్నట్టు అనిపించి ఆ నెలలో రోజుకి రెండుసార్లు స్నానం చేసింది.

కోడలికి ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. నర్సు గదిలో మూడు గంటలు. బిడ్డ మెడకి పేగు చుట్టుకుంది. పట్నం రోడ్డుమీదైతే సంగతి వేరేగా ఉండేదని నర్సు తర్వాత చెప్పింది. వేళ్ళతో ఒడుపుగా పేగు తప్పించి, బిడ్డని తలకిందులుగా పట్టి వీపు తట్టింది. కేరుమంది. ఆడపిల్ల. తుడిచి, గుడ్డలో చుట్టి నాయనమ్మ చేతుల్లో పెట్టింది. అన్నయ్య గుమ్మంలోంచి తొంగిచూసి, "చూశావుటే?" అని ఒక్క మాటన్నాడు. గెలిచిన మొహంతో కాదు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆమెకి తిట్టడానికి ఏమీ దొరకలేదు. తిట్టలేకపోయినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

తొమ్మిదో రోజు పొద్దున, తల్లీబిడ్డా ఇల్లు చేరాక, బిడ్డ కడుపునిండా పాలు తాగి పడుకున్నాక, పెరట్లోకి వెళ్ళి మాస్టారికి ఫోను చేసింది.

"మాస్టారూ, ఈసారి మా సరుకు మంచిది కాదు. రంగు కంపు. మీకు వచ్చిన నమూనా వేరే బస్తాలది."

"సంతకం నీది కాకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నానమ్మా" అన్నాడు పెద్దాయన. "నీకెప్పుడు తెలిసింది?"

"గోడమీద రంగు ఆరకముందే."

"మరి ఇన్నాళ్ళూ?"

అబద్ధం చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. "నా కోడలికి కాన్పు కావాల్సి ఉంది. నర్సు ఉండాలి."

"అయిందా?"

"అయింది. తొమ్మిది రోజులు."

"బిడ్డ కులాసానా?"

"కులాసా."

"మంచిదమ్మా" అని ఆయన పెట్టేశాడు. కోప్పడి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది.

భర్త బావి దగ్గర చేతుల గ్రీజు రుద్దుకుంటూ అంతా విన్నాడు. "ఏరు దాటేదాకా తెప్పమీద కూర్చుని, దాటగానే తగలేశావు" అన్నాడు. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అన్నాడు. "దానికి నీతి అని పేరు పెట్టకు. నేను వేసింది అబద్ధమే, ఒప్పుకుంటా. నువ్వు చేసింది కూడా నాకేం మంచి వాసన రావడంలేదు."

సరుకు ఓడ దిగినచోట రేవు దాటలేదు. కంపెనీ మొత్తం వద్దంది. చవక కాఫీపొడి చేసే ఫ్యాక్టరీ వాడెవడో అయినకాడికి ఎత్తుకుపోయాడు. కంపెనీ రాసిన ఉత్తరంలో, ముక్కుపిన్ని చేత్తో సంతకం ఉంటేనే వచ్చే ఏడాది నమూనా చూస్తామని ఉంది. ఆ ఉత్తరం సభలో చదివారు. వ్యాను ఆగింది. నర్సు కాగితం చించేసి, ఈ నెలాఖరుదాకా ఉండమని చెప్పారు. అన్నయ్య పదవి వదులుకున్నాడు. పోతూపోతూ రుచి గది తాళం తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టి, లోపలికి రమ్మన్నా రాకుండా వెళ్ళిపోయాడు. కొందరు ఆమెని మెచ్చుకున్నారు కూడా. సంఘం పరువు నిలబెట్టావన్నారు. ఆ మెప్పు చెవిన పడగానే ఆమె మొహం తిప్పుకుంది.

పంట వచ్చేదాకా రుచి గదిలో పని లేదు కాబట్టి ఆమె మర్నాడు కూడా ఏరుడు షెడ్డుకే వెళ్ళింది. పక్క పీట పిల్ల అప్పటికే వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఆరో నెల. పొట్ట అడ్డం వచ్చి పళ్ళెం మోకాళ్ళమీదికి జరుపుకుంది. ఇద్దరూ ఏరడం మొదలుపెట్టారు.

"పిన్నీ, ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోవు కదా" అంది ఆ పిల్ల, తల ఎత్తకుండా. "ఫోను చెయ్యడం తప్పని నేననను. కానీ నీ మనవరాలికి తొమ్మిది రోజులు నిండేదాకా ఆగావు కదా. నా బిడ్డకి కూడా నిండేదాకా ఆగకూడదా?"

ముక్కుపిన్ని వేళ్ళు గింజల్లోనే ఉన్నాయి. ఏది మంచిదో ఏది పుచ్చుదో చూడకుండా రెంటినీ ఒకే పక్కకి తోస్తోంది. ఆ పిల్ల ఆ పళ్ళెం వైపు చూసింది. తర్వాత నేలమీద చెయ్యి ఆన్చి, నడుం పట్టుకుని మెల్లగా లేచి, పళ్ళెం తీసుకుని వెళ్ళి ఆ చివర ఖాళీగా ఉన్న పీట మీద కూర్చుంది.